విరగని పిన్ను

భిలాయ్ వాళ్ళకు ఒక జబ్బు ఉంది. ఏ వస్తువు విరిగినా దాన్ని ఉక్కుతో చేసేస్తే పీడా వదిలిపోతుందనుకుంటారు. వైశాలి నగర్‌లో గురునాథరావు ఇల్లు చూడండి: చీపురుకు ఉక్కు పిడి, తులసికోట చుట్టూ ఉక్కు కమ్మీలు, భార్య అప్పయమ్మ ఆవకాయ జాడీకి కూడా ఉక్కు మూత. ఆ మూత ఎత్తాలంటే ఆవిడకు రెండు చేతులూ కావాలి. ఉద్యోగకాలమంతా ఉక్కు ప్లాంటు మెషిన్ షాపులో ఫిట్టరుగా బతికి రిటైరైన మనిషిని ఇంట్లోవాళ్ళు మాత్రం ఏమనగలరు?

ఆ గురువారం పొద్దున్న జితేంద్ర సామాన్ల ఆటోలో పడవ మోటారు వేసుకుని వచ్చేసరికి గురునాథరావు కూతురు రోహిణి వరండాలోనే ఉంది. ఆమె కాపురం పక్క వీధిలోనే. ప్లాంటులో క్రేన్ నడుపుతుంది. సెకండ్ షిఫ్టు ఉన్న వారమంతా పొద్దుటి పూట పుట్టింట్లోనే, తండ్రి పక్కన. ఆయన చూపు ఏడాదిగా తగ్గిపోతోంది. ఎదురుగా నిలబడ్డ మనిషి నీడలా తెలుస్తాడు, చేతిలో ఉన్న మర తెలియదు. అందుకని ఆయన చెబుతాడు, ఆమె పానా తిప్పుతుంది.

వచ్చిన మోటారు వినాయక నిమజ్జనం రోజున శివనాథ్ నది మధ్యలో ఆగిపోయినది. ఎప్పటిదో పాతకాలపుది. బోటు క్లబ్బు ఒకటి మూతబడ్డప్పుడు ఇలాంటివి రెండు, ఒకే అచ్చువి, తుక్కు కింద అమ్మేశారు. ఆకుపచ్చ రంగుది తెలుగువాళ్ళ ఉత్సవ సంఘం కొనుక్కుంది, వినాయకుణ్ణీ దుర్గమ్మనూ నది నడిమికి తీసుకెళ్ళే పడవ కోసం. నీలం రంగుది గురునాథరావు కొనుక్కున్నాడు. పడవ లేనివాడికి మోటారెందుకని ఇంట్లోవాళ్ళు అడిగి అడిగి మానేశారు. ఆదివారం వస్తే దాన్ని నీళ్ళ డ్రమ్ములోకి దింపి, తాడు లాగి స్టార్ట్ చేసి, పక్కన కుర్చీ వేసుకుని వింటూ కూర్చుంటాడు. వీధివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. ఈ మోటార్లకు విడిభాగాలు ఎక్కడా దొరకవు, అయినా నీలందాంట్లోంచి ఇన్నేళ్ళలో ఒక్క మర కూడా తియ్యనివ్వలేదు.

జితేంద్ర మోటారు దింపి వరండా మెట్టుకు ఆనించి, తను మాత్రం గేటు బయటికే వెళ్ళి నిలబడ్డాడు. అతనిది శివనాథ్ ఘాట్‌లోనే పుట్టి పెరిగిన, పడవలు నడిపే నిషాదుల కుటుంబం. తాత తెడ్డు వేశాడు, తండ్రి తెడ్డు వేశాడు, మోటారు వచ్చాక దాని పిడి ఇతని చేతికొచ్చింది. నిమజ్జనం రోజున మోటారు ఆగిపోతే పడవ కొట్టుకుపోయి వంతెన స్తంభాన్ని తాకింది, దేవుడు పక్కకు ఒరిగి అక్కడే నీళ్ళలో పడ్డాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అపశకునమని గోల లేచాక తప్పు ఎవరో ఒకరి మీద పడాలి కదా, పిడి పట్టుకున్నవాడి మీద పడింది.

"లోనికి రారా," అన్నాడు గురునాథరావు, గేటు వైపు ముఖం తిప్పి.

"నహీ కాకా, ఇక్కడే ఠీక్."

"ఏటి కొట్టీసినావు?"

జితేంద్ర కాసేపు గేటు గడియను అటూ ఇటూ ఆడించాడు. "దేనికో తగిలించేశాను కాకా. గల్తీ నాదే," అన్నాడు. అప్పయమ్మ తెచ్చిన టీ నిలబడే తాగి, గ్లాసు గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

రోహిణి మోటారును బల్లకు బిగించి వెనక నీళ్ళలో తిరిగే పంఖా దగ్గర కూర్చుంది. ఈ పంఖా ఇరుసు మీద ఊరికే నిలవదు. రెంటికీ అడ్డంగా వేలెడు పిన్ను ఒకటి గుచ్చి ఉంటుంది, ఇత్తడిది. పంఖా రాయికో మోడుకో తగిలితే ముందు ఆ పిన్ను తెగాలి. తెగితే పంఖా ఆగుతుంది, మోటారు ఉత్తినే గీపెడుతుంది, పడవవాడు కొత్త పిన్ను వేసుకుని తన దారిన పోతాడు. తెగకపోతే ఆ దెబ్బ లోపలికి పోయి గేరు పళ్ళ మీద పడుతుంది. విరగడమే ఆ పిన్ను ఉద్యోగం.

పంఖా టోపీ ఊడదీసి పిన్ను లాగింది. కదల్లేదు. సన్న ఊచ ఆనించి సుత్తితో కొట్టింది. రాలేదు. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా కొడితే చివరికి బయటికొచ్చి ఆమె ఒళ్ళో పడింది. కొంచెం వంగింది, అంతే. ఎక్కడా చెక్కు చెదరలేదు. ఉక్కులా తెల్లగా మెరుస్తోంది.

రోహిణి దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. ఆ పిన్ను ఎవరు చేసిందో ఆమెకు తెలుసు.

కిందటేడు నిమజ్జనంలో ఇత్తడి పిన్ను నది మధ్యలో తెగింది. కొత్తది వెయ్యడానికి జితేంద్ర వరద నీళ్ళలోకి దిగాడు. అడుగున పాత విగ్రహాల ఇనుప చట్రాలు. అతను పాదం కోసుకుని పైకి తేలేసరికి ఒడ్డున అప్పయమ్మ ఏడుపు అందుకుంది. ఇంటికొచ్చాక కూడా మొగుణ్ణి వదల్లేదు. "ఏటేటా ఆ గుంటడు నీటిలోకి దూకడమేనా? ఇరగని పిన్ను ఒకటి సెయ్యలేవా? మరి ఆ ప్లాంటులో అన్నేళ్ళు ఏటి సేసినావు?"

పిన్ను మెత్తగా ఎందుకుండాలో గురునాథరావుకు తెలియక కాదు. రోహిణికి ఆ సంగతి నేర్పిందే ఆయన. అయినా ఆ పాదం మీది కట్టు ఆయన కళ్ళలో ఉండిపోయింది, పెళ్ళాం మాట గుచ్చుకుంది, భిలాయ్ జబ్బు ఎలాగూ ఉంది. ఈ వానాకాలంలోనే ఉక్కు ముక్క ఒకటి బల్లకు బిగించి, వేళ్ళతో తడిమి చూసుకుంటూ, ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీశాడు. పూర్తయ్యాక రోహిణి అరచేతిలో పెట్టి, "ఇంక మావోడు నీటిలోకి దిగక్కర్నేదు," అన్నాడు. తన చేతి ఆఖరి పని అదేనని వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఆకురాయి ముట్టుకోలేదు. ఆ రోజు రోహిణి మాత్రం వద్దందా? బాగుంది నాన్నా అంది.

"ఏటమ్మీ, పిన్నెలాగున్నాది?" అన్నాడాయన ఇప్పుడు. పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు, అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించి.

రోహిణి ఆ చేతుల వంక చూసింది. ఆ చేతులకు ఈ మాట ఎలా చెప్పడం? పిన్నును చున్నీ కొసలో ముడేసుకుంది.

"విరిగింది నాన్నా. ముక్కలు నీళ్ళలో జారిపోయినట్టున్నాయి."

 ఆయన చేతులు వెల్లకిల తిప్పి మళ్ళీ మోకాళ్ళ మీదే పెట్టుకున్నాడు. "సరే. కిందడబ్బా ఇప్పు," అన్నాడు.

గేర్లు ఉండే ఆ డబ్బా విప్పితే ఆయిల్ పాలెక్కువైన టీలా కారింది. చిన్న గేరును కిరసనాయిల్లో కడిగి ఆయన చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో చుట్టూ తడిమాడు. పళ్ళు ఊడిపోయిన చోట వేలు ఆగి ఆగి కదిలింది. పూర్తిగా ఒక చుట్టు తిరిగాక దాన్ని పాత గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

మధ్యాహ్నం కాకముందే సుబ్రహ్మణ్యం వచ్చాడు. సెక్టర్ 7లో ఉంటాడు, ఉత్సవ సంఘం కార్యదర్శి. మంచివాడే. కాకపోతే ఏ గోలైనా తొందరగా ఎవరో ఒకరి నెత్తిన రుద్దేసి ఇంటికెళ్ళి భోంచేద్దామనే రకం.

"ఏటి బాబాయ్, దానికేటయింది?"

"మా అమ్మిని అడుగు. అదే ఇప్పింది."

రోహిణి చేతులు గుడ్డకు తుడుచుకుంది. "గేర్లు పాతవైపోయాయి అన్నయ్యా. అరిగి అరిగి పళ్ళు ఊడిపోయాయి. జితేంద్ర తప్పేమీ లేదు."

"అరిగిపోయిన గేరు ముందునించే సప్పుడు సేస్తాది కదమ్మా. నడిపేవోడు ఇనుకోవాల కదా. అయినా తగిలించీసినానని ఆడే ఒప్పీసుకున్నాడు." సుబ్రహ్మణ్యం చెప్పులు వేసుకోవడం మొదలెట్టేశాడు. "వచ్చేవారం దుర్గమ్మ నిమజ్జనం. అమ్మవారిని కూడా ఆడి సేతిలో పెట్టమంటావా? రాజిం నుంచి పడవోడు ఒకడు వస్తానన్నాడు. ఆణ్ణి పెట్టీద్దారి."

రోహిణి తండ్రి వైపు చూసింది. ఆయన ఒక్క మాటంటే చాలు. గురునాథరావు మాట మోటార్ల విషయంలో ఆ సంఘానికి వేదం. ఆయన టీ చప్పరిస్తూ కూర్చున్నాడు. "ఆదివారం నీటిలో ఏసి సూద్దాం," అన్నాడు, అంతే.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మూడు తరాల నుంచి ఆ ఘాట్ తప్ప ఇంకోటి ఎరగని మనిషి చేతిలోంచి పడవ లాగేసుకుంటుంటే ఈయన టీ తాగడమేమిటి? నిజాన్ని తన చున్నీ కొసలో ముడేసుకుని, నాన్న నోరు విప్పలేదని కోపం తెచ్చుకోవడం ఏం న్యాయమో ఆమెకే తెలియాలి. భోజనం చెయ్యకుండానే స్కూటీ తీసి డ్యూటీకి వెళ్ళిపోయింది.

క్రేన్ కేబిన్‌లో కూర్చుంటే కింద మనుషుల మాటలు వినబడవు. చేతులే కనబడతాయి. ఎత్తు, దించు, ఆపు, పక్కకు. ఆ సైగలు చూసుకుంటూనే ఇంతకాలం పని చేసింది, ఎప్పుడూ తడబడలేదు. ఆ సాయంత్రం మాత్రం కింద ఉన్నతను ఆపమని రెండు చేతులూ ఊపుతున్నా ఒక్క క్షణం ఆలస్యంగా ఆపింది. బరువు గాల్లో ఊగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ అతను తలెత్తి కేబిన్ వైపు చూసిన చూపుకు ఆమె ముఖం వేడెక్కింది. జితేంద్రను కూడా ఒడ్డున జనం ఇలాగే చూసి ఉంటారు. తేడా ఏమిటంటే, ఇక్కడ తప్పు నిజంగా తనదే.

మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి నీలం మోటారు మీద కప్పిన గోనె తీసేసి ఉంది.

"దీన్ని ఇప్పు," అన్నాడు గురునాథరావు.

"దీన్నా నాన్నా?"

"మరి దానికి గేర్లు ఎక్కణ్ణించి తెస్తావు? సెట్టుకి కాస్తాయా?"

రోహిణి పానా అందుకుంది. నీలం మోటారును తలకిందులు చేసి డబ్బా విప్పింది. లోపల ఆయిల్ తేనెలా శుభ్రంగా ఉంది. గేర్లు ఒక్క గీత లేకుండా ఉన్నాయి.

"జతగా తియ్యి. దానిదొకటీ దీనిదొకటీ కలిపితే కాపరం సెయ్యవు. ఎన్నాళ్ళో ఒకదాన్నొకటి రాసుకుని కుదిరినవి. ఎనకాల పల్చటి వాసర్లు ఉంటాయి, అయి కూడా వాటితోనే రావాల."

రోహిణి స్టీలు పళ్ళెంలో గేర్లూ వాషర్లూ వరసగా పేర్చింది. తర్వాత వాటిని ఆకుపచ్చ దాంట్లో కూర్చింది. గురునాథరావు వంగి, డబ్బాకు చెవి ఆనించి, ఇరుసును చేత్తో మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. "బిగుసుకున్నాది. రవ్వంత ఆడాల. ఒక వాసరు తియ్యి." తీసింది. మళ్ళీ తిప్పాడు. "ఊఁ. ఇప్పుడు మాటాడుకుంటన్నాయి."

పని అయ్యేసరికి నీలం మోటారు కడుపు ఖాళీగా మిగిలింది. రోహిణి దాని మీద గోనె కప్పుతూ, "ఇంక ఇది మోగదు కదా నాన్నా," అంది.

"మోగదు. ఈదోళ్ళకి సుఖం." నవ్వాడు. "సేతులు తప్పు సెయ్యవే అమ్మీ. బుర్ర సేస్తాది. సేతులు పాపం సెప్పింది సేస్తాయి," అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో ఆమెకు బోధపడలేదు. చెప్పేద్దామని మాత్రం అనిపించింది. నోరు తెరిచింది. ఇంతలో అప్పయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇంతకీ ఆ పిన్నెలాగున్నాది? నాను సెయ్యమన్నది?"

"నీకేల అదంతా. టీ పెట్టు," అన్నాడు గురునాథరావు, మామూలుకంటే కొంచెం తొందరగా.

శనివారం డ్యూటీకి వెళ్ళేదాకా రోహిణి ఇత్తడి ఊచ కోసి పిన్నులు చేసింది. అవసరానికి మించి చేసింది. చేస్తున్నంతసేపూ రేపు ఘాట్ దగ్గర జితేంద్ర ఇంటికి వెళ్ళి ఏ మొహంతో ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది.

ఆదివారం అమ్మానాన్నలతో కలిసి మోటారును ఆటోలో వేసుకుని దుర్గ్ పట్నం దాటి ఘాట్‌కు చేరేసరికి రాజిం మనిషి ఎక్కడా లేడు. పడవలో జితేంద్ర కూర్చుని డబ్బాతో నీళ్ళు తోడిపోస్తున్నాడు. మెట్ల మీద సుబ్రహ్మణ్యం నిలబడి ఉన్నాడు. రోహిణిని చూసి, "బాబాయ్ ముందే సెప్పీసుంటే నాను ఆ మాటలనకపోదును కదమ్మా," అని తల గోక్కున్నాడు.

రోహిణి గబగబా పడవ దగ్గరికి దిగింది. "భయ్యా, ఇదేంటి? నిన్ను తీసేశామన్నారు కదా?"

జితేంద్ర మెట్ల వైపు చూశాడు. అప్పయమ్మ భుజం పట్టుకుని గురునాథరావు ఒక్కొక్క మెట్టే తడుముకుంటూ దిగుతున్నాడు, ఇంకా చాలా దూరంలో ఉన్నాడు.

"గురువార్ సాయంత్రం కాకా ఫోన్ చేశారు దీదీ. నాకూ, సుబ్రహ్మణ్యం సాబ్‌కీ. నా పిన్ను విరగలేదు, తప్పు నాది, కుర్రాడిది కాదు అని చెప్పేశారు."

"నాన్నకెలా తెలుసు? నేను విరిగిందని..."

"మీరు సుత్తి కొట్టడం విన్నారంట. విరిగిన పిన్ను దానంతటదే పడిపోతుంది కదా దీదీ. సుత్తి ఎందుకు?"

రోహిణి పడవ అంచు పట్టుకుంది. "మరి నాతో ఒక్క మాటైనా అనలేదే?"

"మీరు ఆయన కోసం దాచారంట. దాచుకోనీ, మీరెవరూ దానితో అనొద్దు అన్నారు." జితేంద్ర గొంతు ఇంకా తగ్గించాడు. "కాకీకి మాత్రం అసలు తెలియకూడదంట. పిన్ను ఆమే చేయించారు కదా, తెలిస్తే కుమిలిపోతుందని."

"నువ్వు పిడి పట్టుకున్నావు కదా. నదిలోనే నీకు తెలిసి ఉండాలి."

"తెలిసింది. పిన్ను తెగితే ఇంజన్ గీపెడుతుంది. గీపెట్టలేదు. అప్పుడే తెలిసింది."

"మరి గేటు దగ్గర తప్పు నాదే అన్నావు?"

జితేంద్ర తోడిన నీళ్ళు నదిలో పోశాడు. "నా కాలు చూసి చేశారు దీదీ ఆ పిన్ను. గేటు దగ్గర నిలబడి ఆయనకు అది బాగోలేదని ఎలా చెప్పను?"

రోహిణికి కళ్ళు నిండిపోయాయి. మూడు రోజులుగా ఈ రహస్యం తనొక్కతే మోస్తున్నాననుకుంది. తీరా చూస్తే తను మోసిందేమీ లేదు. ఈ ఇద్దరూ మోశారు, తన వాటా కూడా కలిపి. సిగ్గూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చి ఏడుపై కూర్చున్నాయి. ఏడవడానికి వీల్లేకుండా అప్పటికే తండ్రి పడవ దగ్గరికి వచ్చేశాడు.

మోటారును పడవ వెనక బిగించారు. అప్పయమ్మ ఒడ్డున టిఫిన్ క్యారియర్ పక్కన ఉండిపోయింది. జితేంద్ర తాడు లాగాడు. మోటారు రెండు దగ్గులు దగ్గి అందుకుంది. గురునాథరావు వెనక బల్ల మీద కూర్చుని ముఖం పక్కకు వంచి విన్నాడు. ఇన్నాళ్ళూ డ్రమ్ము నీళ్ళలో విన్న గేర్లు మొదటిసారి నదిలో తిరుగుతున్నాయి. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది.

నది మధ్యకు వచ్చాక అడుగున ఏదో గట్టిగా తగిలింది. పడవ అదిరింది. వెంటనే మోటారు గీపెట్టింది. జితేంద్ర ఆపేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. పడవ నెమ్మదిగా ప్రవాహంతో జారడం మొదలెట్టింది, జితేంద్ర లంగరు రాయి విసిరి ఆపాడు. మోటారును పైకి ఎత్తి వంచి, చొక్కా విప్పబోయాడు.

"దిగకు," అన్నాడు గురునాథరావు. "పడవలోంచే అందుతాది. నన్నట్టుకో. అమ్మీ, పిన్నొకటి ఇలాగియ్యి."

"నాన్నా, నీకు..."

"అట్టుకోండర్రా."

ఆయన పడవ వెనక అంచు మీద బోర్లా పడుకుని నీటి మీదికి వంగాడు. జితేంద్ర నడుం చుట్టూ చేతులేశాడు. రోహిణి కాళ్ళు పట్టుకుంది. ఆయన చెంప మోటారుకు ఆనింది, కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు పంఖా మీద పాకుతూ వెళ్ళి టోపీని పట్టుకున్నాయి. అది ఊడదీసి నోట కరుచుకున్నాడు. తెగిన ముక్క నొక్కగానే జారి నీళ్ళలో పడింది. ఇరుసులో చిల్లును, పంఖాలో చిల్లును ఎదురెదురుగా తిప్పుతున్నాడు.

ఆ పాదాలు పట్టుకుని రోహిణి ఇక ఉండలేకపోయింది.

"నాన్నా, ఆ రోజు పిన్ను విరగలేదు. నేను అబద్ధం చెప్పాను."

మోటారు అవతల వేళ్ళు ఆగాయి. ఆయన నోట్లోని టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎరుగుదును. నా మనసు నొప్పెడతాదని సెప్పినావు. నాకూ బాగానే ఉండిందే, ముద్దుగా ఉండింది. నీతో సెప్పొద్దని ఈళ్ళతోనూ నానే అన్నాను." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "గానీ నువ్వు దాచింది నా కోసం. మాట పడింది ఈడు. ఆ ఒక్కటీ మల్లీ సెయ్యకు."

"చెయ్యను."

"నాతో కాదు. ఈడితో సెప్పు."

రోహిణి తలెత్తింది. "మాఫ్ కరో భయ్యా," అంది.

ముసలాయన వీపు మీద గడ్డం ఆనించి, రెండు చేతులా ఆయన్ను వాటేసుకుని ఉన్న జితేంద్ర తల కూడా ఊపలేకపోయాడు. "అయిపోయింది దీదీ," అన్నాడు. "ముందు కాకాని గట్టిగా పట్టుకోండి."

పిన్ను మొదటిసారి జారింది, రెండోసారి దారి దొరికింది. "పడింది," అన్నాడు గురునాథరావు. టోపీ బిగించాడు. ఇద్దరూ కలిసి ఆయన్ను లోపలికి లాగి కూర్చోబెట్టారు. మోచేతుల దాకా తడిసి, రొప్పుతూ, నవ్వుతున్నాడు. ఒడ్డు నుంచి అప్పయమ్మ ఏటయిందని కేకలేస్తోంది. జితేంద్ర తాడు లాగాడు.

పడవ ఒడ్డు వైపు తిరిగాక కూడా రోహిణి ఆయన పాదాలు వదల్లేదు. వదలమని ఆయనా అనలేదు.